మహమ్మారి కాలమున లాటినో ప్రజల ఆరోగ్య పరిశోధన

ఒక దేశమున ప్రజలెల్లరును ఒకే గాలిని పీల్చుచున్నను, ఒకే రోగము వారినందరిని ఒకే తీరున బాధింపదు. ఎవరి యిల్లు ఇరుకైనదో, ఎవరి పని నలుగురి నడుమ నిలిచి చేయవలసినదో, ఎవరికి వైద్యుని చెంతకు పోవుటకు డబ్బు లేదో, వారిని రోగము ముందుగా పట్టును. పట్టిన పిదప త్వరగా విడువదు. ఇది అందరును ఎరిగిన సంగతియే. అయితే ఎంత ముందుగా, ఎంత హెచ్చుగా, ఏ కారణమున అను ప్రశ్నలకు ఊహవలన సమాధానము రాదు. లెక్కవలన రావలెను. ఆ లెక్క కట్టు పనికే ఆరోగ్య వైషమ్య పరిశోధన అని పేరు. 2020వ సంవత్సరము మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ వ్యాధిని మహమ్మారిగా ప్రకటించెను. ఆ తరువాత అమెరికా సంయుక్త రాష్ట్రములలో, విశేషించి లాటినో ప్రజల విషయమున, ఈ పరిశోధన ఏ చిక్కులలో పడెనో, వానిని ఎట్లు దాటెనో ఈ ప్రసంగమున వివరించెదను.

ముందుగా ఈ లాటినోలు ఎవరో తెలిసికొందము. మెక్సికో, క్యూబా, ప్యూర్టో రికో, డొమినికన్ రిపబ్లిక్, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా దేశములు పుట్టిల్లుగాగల కుటుంబములవారిని అమెరికాలో ఈ పేరుతో పిలుతురు. 2020 నాటి జనాభా లెక్కలలో వీరి సంఖ్య 6 కోట్ల 21 లక్షలు. అనగా దేశజనాభాలో నూటికి దాదాపు 19 మంది. వీరందరును నిన్న మొన్న వలసవచ్చినవారని తలచుట పొరపాటు. కాలిఫోర్నియా 1848 వరకు మెక్సికో దేశములోని భాగమే. ఆ నేలపైననే తరతరములుగా నివసించుచున్న కుటుంబములును వీరిలో ఉన్నవి. ప్యూర్టో రికోవారు 1917 నుండి అమెరికా పౌరులు. మరొకప్రక్క, పత్రములు లేక, ఏ దినమున ఏమగునో యని భయపడుచు పొలములలో, వంటశాలలలో పనిచేయువారును ఉన్నారు. పురుషుని లాటినో అనియు, స్త్రీని లాటినా అనియు స్పానిష్ వ్యాకరణము చెప్పును. లింగభేదము లేకుండుటకై ‘లాటినెక్స్’ అను కొత్త మాటను పండితులు కొందరు ప్రవేశపెట్టిరి. ప్యూ పరిశోధన కేంద్రము 2020లో ప్రకటించిన సర్వేననుసరించి ఆ ప్రజలలో ఈ మాటను వినినవారు నూటికి 23 మంది. తమకు తాము వాడుకొనువారు ముగ్గురే. పండితుల పలుకుబడికిని ప్రజల పలుకుబడికిని నడుమ ఎంత దూరముండునో ఈ చిన్న సంగతియే తెలుపుచున్నది. పరిశోధకుడు మొదట దాటవలసిన దూరమును అదియే.

వీరి ఆరోగ్యమును గూర్చి శాస్త్రజ్ఞులను చిరకాలముగా ఆశ్చర్యపరచుచున్న విషయ మొకటి కలదు. 1986లో మార్కిడెస్, కొరీల్ అను పరిశోధకులు నైరృతి రాష్ట్రములలోని ఈ ప్రజల మరణముల లెక్కలను పరిశీలించి ఒక వింతను కనుగొనిరి. ఆదాయమున, విద్యలో వెనుకబడియున్నను వీరి మరణరేటు తెల్లవారి మరణరేటుకు దగ్గరగానే యుండెను. పేదరికమున్నచోట ఆయువు తరుగునను సామాన్య సూత్రము ఇచ్చట పొసగలేదు. పొగత్రాగుట తక్కువ యగుటవలన అని కొందరు, కుటుంబబంధముల బలమువలన అని మరికొందరు, ఆరోగ్యవంతులే వలసవత్తురు గనుక అని ఇంకొందరు కారణములు చెప్పిరి. వాదము నేటికిని తెగలేదు. 2019లో వీరి సగటు ఆయుర్దాయము దాదాపు 82 ఏండ్లు. తెల్లవారికంటె సుమారు మూడేండ్లు అధికము.

అయితే ఎక్కువకాలము జీవించుట వేరు, ఆరోగ్యముగా జీవించుట వేరు. ఈ భేదమును తేల్చుటకై 2008లో ఒక మహాపరిశోధన ప్రారంభమయ్యెను. న్యూయార్కులోని బ్రాంక్స్, షికాగో, మయామి, శాన్ డియేగో అను నాలుగు చోట్ల 18 మొదలు 74 ఏండ్ల వయసుగల 16,000 మందికి పైగా స్త్రీ పురుషులను చేర్చుకొని, రక్తపోటు, మధుమేహము, నిద్ర, ఊపిరితిత్తుల బలము మున్నగువానిని కొలిచి, ఏటేట టెలిఫోనుపై క్షేమసమాచారము కనుగొనుచు వచ్చిరి. లాటినోలందరును ఒక్కటికారని ఈ పరిశోధన స్పష్టపరచెను. మొత్తముమీద వయోజనులలో నూటికి 17 మందికి మధుమేహమున్నట్లు తేలెను. కాని దక్షిణ అమెరికావారిలో అది నూటికి 10 మాత్రమే, మెక్సికోవారిలో 18. ఉబ్బసము ప్యూర్టో రికోవారిలో మిక్కిలి హెచ్చు, మెక్సికోవారిలో తక్కువ. అందరిని ఒక రాశిపోసి సగటు తీసినచో ఈ భేదములన్నియు మాటుపడిపోవును.

ఇట్టి పరిశోధనకు ప్రాణము అవిచ్ఛిన్నత. నేడు కొలిచిన మనుష్యునే మూడేండ్లకు, ఆరేండ్లకు మరల కొలిచినప్పుడే రోగము ఎట్లు పుట్టినది, ఎట్లు పెరిగినది అను కథ తెలియును. నడుమ దారము తెగినచో తిరిగి ముడివేయుట కష్టము. 2020 మార్చిలో సరిగా ఆ దారము తెగు ప్రమాదమే వచ్చెను. విశ్వవిద్యాలయములు మూతపడెను. ఎదురెదుట కూర్చుండి చేయవలసిన పరీక్షలు నిలిచిపోయెను. ఇంటింటికి పోయి ప్రశ్నలడుగు సిబ్బంది తమ యిండ్లలో కూర్చుండవలసివచ్చెను.

పరిశోధకుల యెదుట అప్పుడు నిలిచిన ధర్మసందేహము చిన్నది కాదు. పనిని సాగించినచో, కొలతబద్దతోపాటు రోగమును గూడ ఆ యిండ్లకు మోసికొనిపోవుదుమేమో! ఉద్యోగము పోయి, అద్దె కట్టలేక, ఇంట రోగి మూలుగుచుండగా, ‘గతవారము ఎన్నిసార్లు కూరగాయలు తింటిరి’ అని అడుగుట మనుష్యత్వమా? ఆపినచో, ఏ ప్రజలకు మిక్కిలి హాని కలుగుచున్నదో ఆ ప్రజలను గూర్చియే లోకమునకు ఏమియు తెలియకుండ పోవును. మౌనమును ఒక నిర్ణయమే. దాని ఫలితమును గూడ పేదలే అనుభవింతురు.

ఈ రెండవ భయము ఉత్త భయము కాదు. తొలి మాసములలో దేశమంతటినుండి వచ్చిన కోవిడ్ కేసుల నివేదికలలో రోగి ఏ జాతివాడో తెలుపు గడి అనేకచోట్ల ఖాళీగా నుండెను. ఖాళీ గడిని చూచి ఏ అధికారియు టీకాలనుగాని ఆహారమునుగాని పంపజాలడు. లెక్కలు క్రమముగా కూడినపిదప తెలిసిన దేమనగా, 2020లో వయోభేదములను సవరించి చూచినను లాటినోల కోవిడ్ మరణరేటు తెల్లవారి రేటుకు రెండురెట్లకు మించియుండెను. 1986 నుండి చెప్పుకొనుచు వచ్చిన ఆ వింత, ఆ మూడేండ్ల ఆధిక్యము, ఒక్క సంవత్సరములో దాదాపు కరిగిపోయెను. 82 ఏండ్లుగానున్న సగటు ఆయుర్దాయము 78కి దిగెను.

కారణములు రక్తములో లేవు, బ్రతుకుతెరువులో ఉన్నవి. మహమ్మారికి ముందటి లెక్కలనుబట్టి లాటినో కార్మికులలో ఇంటినుండి పని చేయగలవారు ఆరుగురిలో ఒక్కరే. తక్కినవారు పంటలు కోయవలెను, మాంసపు కర్మాగారములలో భుజము భుజము తాకునట్లు నిలువవలెను, ఆసుపత్రుల నేల తుడువవలెను. వీరికి ‘అత్యవసర కార్మికులు’ అను గౌరవనామము లభించెను గాని జీతముతో కూడిన సెలవు అందరికిని లభింపలేదు. 2020లో వీరిలో నూటికి సుమారు 18 మందికి ఆరోగ్యబీమా లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు శాన్ ఫ్రాన్సిస్కోలో ఆ రాష్ట్ర మరణములను వృత్తులవారీగా పరిశీలింపగా, 2020 మార్చి మొదలు అక్టోబరు వరకు ఆహార, వ్యవసాయ వృత్తులలోని పనిచేయు వయసుగల లాటినోల మరణములు మామూలుకంటె నూటికి 59 వంతున పెరిగినట్లు తేలెను. మనము భోజనము చేయుటకై ఒకరు ప్రాణము పణముగా పెట్టుచున్నారన్నమాట. ఈ అంకెను ఎవరును లెక్కింపకున్నచో, ఆ మరణములు వేరువేరు ఇండ్లలోని వేరువేరు దుఃఖములుగానే మిగిలియుండెడివి.

కావున పరిశోధన ఆగరాదని తీర్మానమయ్యెను. అయితే ఎట్లు సాగవలెను? మొదటి ఉపాయము టెలిఫోను. నాలుగు నగరముల పరిశోధనలో ఏటేట టెలిఫోను చేయు అలవాటు ముందునుండియే యుండుటచే, ఆ దారిననే కోవిడ్ సోకినదా, ఉద్యోగము నిలిచినదా, ఇంట భోజనమునకు కొరత కలదా అను ప్రశ్నలు అడుగగలిగిరి. సమ్మతిపత్రముపై సంతకమునకు మారుగా నోటిమాటతో సమ్మతి తీసికొను పద్ధతిని అనేకచోట్ల అంగీకరించిరి.

చెప్పుట సులభము, చేయుట కాదు. ముందుగా డబ్బు కట్టి వాడుకొను ఫోనులలో డబ్బు అయిపోగానే సంఖ్య మారును. నిన్నటి మనిషి నేడు దొరకడు. తెలియని సంఖ్యనుండి పిలుపు వచ్చిన అప్పులవాడో, అధికారియో యని తీయరు. తెరపై ముఖములు చూచుకొను సమావేశమునకు ఇంట మంచి ఇంటర్నెట్టు కావలెను. 2021లో తెల్లవారి ఇండ్లలో నూటికి 80 మందికి అది యుండగా లాటినోలలో 65 మందికే యుండెను. కొందరికి చేతిఫోనే సర్వస్వము. దానిపైననే పిల్లల బడి, దానిపైననే తల్లి వైద్యము.

ఇంకొక చిక్కు మరింత సున్నితమైనది. ఒకే గదిలో ఐదారుగురున్న ఇంట, ‘నీ భర్త నిన్ను కొట్టునా’ అనిగాని, ‘మనస్సు విరిగి ప్రాణముపై విరక్తి కలిగినదా’ అనిగాని అడిగినచో ఆమె ఏమి చెప్పగలదు? పరిశోధనాలయమున తలుపు మూయవచ్చును. టెలిఫోనుకు తలుపు లేదు. కనుక ముందుగా ‘మీరు ఒంటరిగా నున్నారా’ అని అడుగుట, అవును కాదు అను మాటలతో ముగియునట్లు ప్రశ్నలను మలచుట, సహాయము దొరకు చోటును చెప్పిన పిదపనే అట్టి ప్రశ్నను ఎత్తుట అను జాగ్రత్తలు అవసరమయ్యెను.

కొలతలలోని చిక్కు మరొకటి. టెలిఫోనుపై రక్తపోటు చూచుట సాధ్యము కాదు. యంత్రమును తపాలలో పంపి ఇంటనే చూచుకొనుమనవచ్చును. కాని వైద్యశాలలోని రక్తపోటుకంటె ఇంటిలోని రక్తపోటు సాధారణముగా కొంత తక్కువగా కనబడును. 2019లో వైద్యశాలలోను, 2020లో ఇంటను కొలిచి, ‘రక్తపోటు తగ్గినది’ అని సంతోషించినచో అది ఆరోగ్యమువలన కలిగిన మార్పు కాదు, కొలతచోటు మారుటవలన కలిగినది. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. టెలిఫోనులో దొరకనివారెవరు? రెండు పనులు చేయువారు, రోగముతో పడకనున్నవారు, ఇల్లు ఖాళీచేయింపబడినవారు. దొరకినవారిని మాత్రమే లెక్కించినచో సమాజము ఉన్నదానికంటె ఆరోగ్యముగా కనబడును. తప్పిపోయినవారే అసలు వార్త అని పరిశోధకుడు ఎన్నడును మరువరాదు.

శాన్ ఫ్రాన్సిస్కో నగరములోని మిషన్ అను పేటలో జరిగిన పని ఈ సందర్భమున ప్రత్యేకముగా చెప్పదగినది. అచ్చటి విశ్వవిద్యాలయ వైద్యులును, ‘లాటినో టాస్క్ ఫోర్స్’ అను స్థానిక సంఘమును కలిసి 2020 ఏప్రిల్ 25 మొదలు 28 వరకు నాలుగు దినములలో దాదాపు 4,000 మందికి కోవిడ్ పరీక్ష చేసిరి. దానికి ‘ఉనిదోస్ ఎన్ సాలూద్’, అనగా ‘ఆరోగ్యమున ఐక్యము’ అని పేరిడిరి. పరీక్షింపబడినవారిలో నూటికి ఇద్దరికి రోగమున్నది. వారిలో నూటికి 95 మంది లాటినోలు. మొత్తము పరీక్షకు వచ్చినవారిలో మాత్రము లాటినోలు సగముకంటె తక్కువ. రోగము సోకినవారిలో నూటికి 90 మంది ఇంటినుండి పని చేయజాలనివారు. సగమునకు మించినవారికి ఏ లక్షణమును లేదు. ఒకే వీధిలో, ఒకే గాలిలో, గొళ్లెము పెట్టుకొని ఇంట కూర్చుండగలవానికిని, తెల్లవారకమునుపే పనికి పోవలసినవానికిని గల భేదము నాలుగు దినములలో వెల్లడియయ్యెను.

ఆ వైద్యులు అంతటితో విరమింపలేదు. రోగమున్నదని చెప్పి ‘రెండువారములు ఇంటనుండుము’ అన్నచో, దినకూలివాడు ‘ఏమి తినమందురు’ అని అడుగును గదా! అందుచేత పరీక్ష ఫలితముతోపాటు ఆహారపదార్థములను, శుభ్రతకు కావలసిన సామగ్రిని ఇండ్లకు చేర్చిరి. ఆ యేడాది జులైలో నగరప్రభుత్వము రోగము సోకిన కార్మికులకు రెండువారముల కనీసవేతనమునకు సమానమైన సొమ్ము నిచ్చు పథకమును ప్రారంభించెను. లెక్క మొదలు, సహాయము తరువాత అను పాత వరుస మారి, లెక్కయు సహాయమును చేయిచేయి పట్టుకొని నడిచెను.

కాలిఫోర్నియాలోనే సాలినాస్ లోయ యున్నది. ఆకుకూరలకును, స్ట్రాబెర్రీ పండ్లకును పేరుగాంచిన నేల అది. బర్క్లీలోని విశ్వవిద్యాలయమువారు అచ్చటి వ్యవసాయ కార్మిక కుటుంబములలోని తల్లులను, పిల్లలను 1999 నుండి పరిశీలించుచు వచ్చినారు. ఆ పరిశోధనకు ‘చమాకోస్’ అని పేరు. మెక్సికో స్పానిష్‌లో ‘చిన్నపిల్లలు’ అని అర్థము. ఇరువదేండ్ల పరిచయము ఆపత్కాలమున అక్కరకు వచ్చెను. స్థానిక వైద్యశాలతో కలిసి 2020 జులై నడుమనుండి నవంబరు చివరివరకు 1,100 మందికి పైగా వ్యవసాయ కార్మికులను పరిశీలించిరి. నూటికి 13 మందికి వైరస్ సోకియుండెను. అదే కాలమున రాష్ట్రమంతటికిని ఆ సంఖ్య సుమారు 5. రోగలక్షణములు కలిగియు పనికి పోయినవారనేకులు. అజ్ఞానముచేత కాదు, ఒక్కదినము పోకున్న కూలి పోవును గనుక. ఆ లోయలో స్పానిష్‌కూడ సరిగా రాక, మిష్టెక్, త్రీకీ అను ఆదివాసి భాషలు మాటలాడువారున్నారు. వారికి స్పానిష్ ప్రశ్నపత్రమును పరాయిదే.

ఇట్టిచోట్ల పరిశోధనకు చేయూతనిచ్చినవారు ‘ప్రొమోతోరా’లు. మన గ్రామములలో ఆశా కార్యకర్త యెట్లో అచ్చట ప్రొమోతోరా అట్లు. ఆ వాడలో పుట్టి, ఆ భాష మాటలాడుచు, ఏ యింట ఎవరికి జ్వరమున్నదో ఎరిగిన స్త్రీ. విశ్వవిద్యాలయము పేరు విని తలుపు తీయనివారు ఆమె గొంతు విని తీయుదురు. ఆ ప్రజలు ‘కన్ఫియాన్సా’ అను మాటను తరచు వాడుదురు. దానికి నమ్మకమని అర్థము. అది ఒక్కదినమున కొనదగిన వస్తువు కాదు.

నమ్మకము సడలుటకు కారణములును బలముగనే యుండెను. ప్రభుత్వసహాయము పొందినవారికి స్థిరనివాసపు హక్కు నిరాకరింపవచ్చునను నిబంధన 2020 ఫిబ్రవరి 24న అమలులోనికి వచ్చెను. 2021 మార్చిలో రద్దయ్యెను. ఆ నిబంధన తమకు వర్తింపకున్నను భయముచే వైద్యమునకు, ఆహారసహాయమునకు దూరమైనవారు కలరు. 2020లో ప్రజలకు పంచిన తొలి సహాయధనము, దంపతులలో ఒక్కరికి సామాజిక భద్రతసంఖ్య లేకున్నను, కలిసి పన్నుపత్రము దాఖలుచేసినవారికి తొలుత అందలేదు. ఇట్టివేళ ‘మీ పేరేమి, ఎక్కడ పుట్టితిరి’ అని అడుగువాడు మిత్రుడో శత్రువో ఎవరికెరుక? కావున అవసరము లేని ప్రశ్నను విడుచుట, పేరును సమాధానములనుండి వేరుచేసి భద్రపరచుట, ఆ రహస్యరక్షణను ముందుగానే విప్పిచెప్పుట పరిశోధకుని మొదటి ధర్మమయ్యెను.

ఈ శ్రమకు ఫలమేమి? టీకాల పరీక్షలలో గూడ ఎవరు చేరుచున్నారను ప్రశ్న పుట్టెను. 2020 సెప్టెంబరులో మోడెర్నా సంస్థ తన పరీక్షలో అల్పసంఖ్యాక వర్గములవారు తగినంతమంది చేరుటకై చేర్పును కొంత నెమ్మదింపజేసెను. కడకు ఆ 30,000 మందిలో లాటినోలు అయిదవవంతుగా నుండిరి. మిషన్ పేటలో పరీక్షలు జరిపినవారే 2021లో టీకాలు వేయు కేంద్రమును నడిపిరి. తగ్గిన ఆయుర్దాయము 2022 నాటికి 80 ఏండ్లకు తిరిగి చేరెను. పూర్వపు స్థితి అప్పటికింకను రాలేదు గాని దారి ఏదియో తెలిసినది.

పోయినదియు కలదు. నిలిచిపోయిన కొలతలు తిరిగి రావు. పరిశోధక సిబ్బందిలో అనేకులు అదే ప్రజలలోనివారు. టెలిఫోను దించి తమ యింటి దుఃఖమును తాము మోసినవారు. వారి శ్రమకు అంకెలలో చోటు లేదు.

మహమ్మారి వచ్చినప్పుడు పరిశోధన విలాసమని తోచుట సహజము. ఇల్లు కాలుచుండగా కొలతలేమిటని అందురు. కాని ఏ గదిలో ఎవరున్నారో తెలియనిచో నీరు ఎచ్చట పోయవలెను? లాటినో ప్రజల అనుభవము నేర్పిన పాఠమిదియే. అడుగుటకు ముందు ఇచ్చుట నేర్వవలెను. ఆపదకు ముందే పరిచయము చేసికొనవలెను. లెక్కలో చేరని మనుష్యునికి వంతు దొరకదు గనుక, ఎంతటి కష్టకాలమందైనను లెక్కించుట మానరాదు.